చక్కెర శిల్పము

చక్కెరకు తీపి యున్నదని పసిబిడ్డలును ఎఱుగుదురు. దానికి రూపము నియ్యవచ్చుననియు, ఆ రూపము నిచ్చుట యొక విద్య యనియు, ఆ విద్యను నేర్చుటకును నేర్పుటకును దేశదేశములందు జనులు సంఘములుగా గూడి నెలనెలకు సమావేశములు జరుపుకొనుచున్నారనియు ఎఱిగినవారు మాత్రము కొలదిమందియే. ఆ సంఘములను గూర్చియు, వారు చేయు పనిని గూర్చియు ఈ పాఠమున తెలిసికొందము.

మొదట ఒక మాట. ఈ విద్య పరాయివారిదని తలంపరాదు. చెఱకు రసమును కాచి గట్టిపఱచుట మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన పని. కౌటిల్యుని అర్థశాస్త్రములో ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర అను పేరులతో చెఱకునుండి వచ్చు పదార్థములు చెప్పబడినవి. ఇంగ్లీషువారు వాడు ‘షుగర్’ అను మాట మన ‘శర్కర’నుండియు, ‘క్యాండీ’ అను మాట మన ‘ఖండము’నుండియు పారసీక, అరబ్బీ భాషల మీదుగా పయనించి వెళ్లినవే. సరకుతో పాటు మాటయు ఓడ యెక్కినది.

తెలుగువారి పెండ్లిండ్లలో పంచదార చిలకలను మీలో కొందఱైనను చూచియుందురు. సారెతో పాటు పళ్లెములలో పెట్టి పంపెడి ఆ తెల్లని చిలకలు, ఏనుగులు, గోపురములు కొయ్య అచ్చులలో పోసినవి. తెలంగాణమున హోలీ పండుగనాడు పిల్లల మెడలలో వేయు చక్కెర పేర్లును, కర్ణాటకమున సంక్రాంతికి పంచిపెట్టు చక్కెర అచ్చులును ఈ జాతివే.

వాని తయారీ చూచుటకు తేలిక; చేయుటకు కాదు. రెండు పాళ్లు చక్కెరకు ఒక పాలు నీరు పోసి కాతురు. కొంచెము పాలు పోసినచో మురికి తెట్టుగా పైకి తేలును, దానిని తీసివేయుదురు. పాకము ముదిరిన పిదప గరిటెతో ఆపక కలుపుచుండగా, అద్దమువలె నున్న ద్రవము ఒక్క క్షణమున మబ్బు పట్టినట్లు తెల్లబాఱును. ఆ క్షణముననే అచ్చులో పోయవలెను. ముందు పోసినచో గట్టిపడదు; ఆలసించినచో గిన్నెలోనే గడ్డకట్టును.

ఇందలి కారణము మీ సామాన్యశాస్త్రములోనిదే. 100 గ్రాముల నీరు 20 డిగ్రీల వేడిమి వద్ద సుమారు 200 గ్రాముల చక్కెరను మాత్రమే కరగించుకొనగలదు. 100 డిగ్రీల వద్ద 480 గ్రాములకు పైగా కరగించుకొనగలదు. అందుచేత కాగిన పాకము చల్లాఱునప్పుడు, తాను మోయలేని బరువును దింపుకొనువానివలె, అదనపు చక్కెరను స్ఫటికములుగా విడిచిపెట్టును. గరిటెతో కలిపినకొలది స్ఫటికములు సన్ననివై యొక్కసారిగా పుట్టును. కలుపక విడిచినచో పెద్ద పెద్ద పలుకులై కలకండ యగును. కొయ్య అచ్చును ముందుగా నీటిలో నానబెట్టుట యెందుకనిన, తడిసిన కొయ్యకు పాకము అంటుకొనదు. రెండు చెక్కలను బిగించి కట్టి, పోసి, చల్లాఱిన పిదప విప్పినచో చిలక బయటికి వచ్చును.

ఇంతటి సూక్ష్మమైన పని కొన్ని కుటుంబముల చేతులలోనే నిలిచినది. తండ్రి పోసినప్పుడు కొడుకు ప్రక్కన నిలిచి చూచును, అదియే బడి. పాకము ఎప్పుడు పోయవలెనో తెలియజేయు పుస్తకము లేదు. కొడుకు వేఱొక వృత్తికి పోయెనా, అచ్చులు అటక మీద మిగులును, ఆ క్షణమును గుర్తించు కన్ను మాత్రము మిగులదు. విద్యను ఇంటిగుట్టుగా దాచుకొనుటలో కొంత న్యాయమున్నది. అది వారి కూడు. కాని దాచిన విద్య తరమునకు తరమునకు నడుమ నొక్క చేతిమీదనే వ్రేలాడుచుండును.

పాశ్చాత్య దేశములందును పూర్వ మిట్లే యుండెడిది. ఫ్రాన్సు దేశమున 19వ శతాబ్ది ఆరంభమున కరేము అను మిఠాయి పనివాడు గ్రంథాలయమునకు పోయి కట్టడముల చిత్రములను చూచి, వానిని పోలిన మండపములను, శిథిలాలయములను చక్కెరతో నిర్మించి రాజుల విందులలో నిలిపెను. అది ప్రభువుల వైభవము. సామాన్యులకు ఈ విద్య అందుట తరువాతి మాట. 1929వ సంవత్సరమున అమెరికాలోని చికాగో నగరమున విల్టన్ అను నాతడు కేకులను అలంకరించుట నేర్పు పాఠశాలను నెలకొల్పెను. 1976లో అదే దేశమున కేకు అలంకరణమందు ఆసక్తి గలవారు ఒక సంఘముగా నేర్పడిరి. 1981లో ఇంగ్లండున చక్కెర శిల్పుల సంఘ మొకటి వెలసి ఊరూర శాఖలుగా వ్యాపించినది. వీనిలో చేరువారందఱును దుకాణదారులు కారు. గృహిణులు, ఉపాధ్యాయులు, ఉద్యోగము విరమించిన వృద్ధులును కలరు.

ఇట్టి సంఘముల సమావేశములలో సామాన్యముగా రెండు విధములైన పనులు జరుగును. ఒకటి ప్రదర్శనము, రెండవది అభ్యాసశాల. ప్రదర్శనమున నేర్పరి యొకడు బల్ల ముందు కూర్చుండి పని చేయును, తక్కినవారు చూతురు. వెనుక వరుసలవారికి చేతులు కనబడుటకై కొన్ని చోట్ల బల్లకు పైభాగమున అద్దమును ఏటవాలుగా నిలుపుదురు. ఇప్పుడు కెమెరాయు తెరయు వచ్చినవి. అభ్యాసశాలలో ఎవరి గిన్నె వారిది, ఎవరి పని వారిది. చూచుట వేఱు, చేయుట వేఱు. ప్రదర్శనమున “ఇది నాకును వచ్చు” నని తోచిన పని అభ్యాసశాలలో చేతికి లొంగక నవ్వుల పాలు చేయును. అందువలన ఆ రెండును ఉండవలసినదే.

నేర్చుకొనువారు చేయు మొదటి పని కాగితముతో గరాటు చుట్టుట. త్రికోణముగా కత్తిరించిన కాగితమును పొట్లమువలె చుట్టి, కొన కత్తిరించి, అందులో చక్కెర ముద్ద నింపుదురు. గ్రుడ్డులోని తెల్లసొనను, పిండివలె విసరిన చక్కెరను కలిపి గిలకొట్టగా వచ్చు ముద్ద యిది. ఆఱినచో సున్నమువలె గట్టిపడును. దీనికి రెండు శత్రువులు. జిడ్డు సోకినచో నురుగు విరిగిపోవును. కావున గిన్నెను, గరిటెను మిక్కిలి శుభ్రముగా తోమవలెను. గాలి సోకినచో పైన పొర కట్టును. కావున తడిగుడ్డ కప్పియుంచవలెను. పచ్చి సొనవలన రోగక్రిములు వ్యాపింపగలవు గనుక, శుద్ధిచేసిన సొనపొడిని వాడుట మేలని నేటి సంఘములవారు హెచ్చరింతురు.

ఇక చేతిపనికి ఆధారములు మూడు: ముద్ద యొక్క చిక్కదనము, చేతి వాలు, ఒత్తిడి. గరాటును నిలువుగా పట్టి ఒత్తినచో చుక్కయో నక్షత్రమో వచ్చును. సగము వాల్చి ఒత్తి లాగినచో శంఖము వంటి రూపము వచ్చును. శంఖము తోక మీద మఱియొక శంఖము తల పడునట్లు వరుసగా పేర్చినచో అంచు తయారగును. సన్నని గీత గీయునప్పుడు కొనను కేకుకు తాకింపరాదు. కొంచెమెత్తి పట్టి, జాఱు దారమును గాలిలో నడిపించి దింపవలెను. గులాబీ చేయుట దీనికంటె కష్టము. పెద్ద తల గల మేకు వంటి సాధనమును ఎడమచేతి వ్రేళ్ల నడుమ త్రిప్పుచు, నడుమ మొగ్గ నిలిపి, దాని చుట్టును మూడు రేకులు, వాని వెలుపల అయిదు, ఆపైన ఏడు కట్టుదురు. మొగ్గ దగ్గఱి రేకులు లోనికి ఒదిగి, వెలుపలివి విచ్చుకొనవలెను. కుడిచేయి ఒత్తును, ఎడమచేయి త్రిప్పును. రెండును ఒక్క తాళమున సాగనిచో గులాబీ గోబీ పువ్వగును.

బాలికలారా! ఇది విన్నప్పుడు మీకు ఎక్కడనో చూచినట్లు తోచుట లేదా? సంక్రాంతి ముగ్గు వేయునప్పుడు బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ పిండిని జాఱవిడుచుట ఒత్తిడిని గూర్చిన విద్యయే కదా! నేటి పెండ్లిండ్లలో చేతులకు గోరింట పెట్టు గరాటు సరిగా ఈ గరాటే. జంతికల గొట్టములోని నక్షత్రపు బిళ్ల, కేకుపై పూవు దింపు లోహపు మూతికి అక్కచెల్లెలు. అనగా మన ఇండ్లలో ఈ విద్యకు కావలసిన చేతులు ముందే సిద్ధముగా నున్నవి. మాఱినది పిండి మాత్రమే.

ఈ పని ఎంతవరకు పోగలదో చూడగోరువారు బెంగళూరు పోవలెను. 1975వ సంవత్సరమున ఆరంభమైన కేకుల ప్రదర్శన అచట డిసెంబరు మాసమున జరుగుచు వచ్చుచున్నది. ప్రసిద్ధ భవనములను, ఆలయములను, జంతువులను మనుష్యుని యెత్తుకు మించి చక్కెరతో నిలుపుదురు. అందు చాల వాటికి లోపల కేకు ఉండదు. తేలికయైన దిమ్మయో, చట్రమో యుండును. ఇది మోసము కాదు. దినములకొలది నిలువవలసిన శిల్పమునకు తినుబండారపు పునాది పనికిరాదు. పందెములలో మాత్రము నియమములు కఠినముగా నుండును. పూలకాడలకు చుట్టిన తీగెను కేకులో నేరుగా గ్రుచ్చరాదనుట ఇంగ్లండులోని పందెములలో వినబడు నియమము. తినువాని నోటికి తీగె ముక్క తగులకూడదు గదా!

మార్కాపురము, పెద్దారవీడు, గిద్దలూరు ప్రాంతములందు కేకు క్రొత్తది కాదు. డిసెంబరు 31వ తేదీ సాయంకాలము దుకాణముల ముందు బల్లలు వేసి కేకులు పేర్తురు. క్రిస్మస్సునకును, పుట్టినరోజులకును పల్లెలకు గూడ అట్టపెట్టెలలో చేరుచున్నవి. కొనుట వచ్చినది, చేయుట యింకను కొలదిమంది చేతులలోనే యున్నది. వానలు చాలని ఈ మెట్టనేలలలో చేను పండని యేట ఇంటిలోని స్త్రీ చేతిపనియే కుటుంబమును నిలుపును. అందుచేత ఈ విద్య వేడుక మాత్రమే యని త్రోసివేయుటకు వీలు లేదు.

సమావేశమై కూర్చుండుట మన స్త్రీలకు ఎవరును నేర్పనక్కఱలేదు. పొదుపు సంఘములు ఊరూర నున్నవి. పది పదిహేనుమంది ఒకచోట చేరి పుస్తకము వ్రాసికొని లెక్క సరిచూచుకొనుట వారికి అలవాటే. లెక్క ముగిసిన పిదప ఒక గంట ఒకరి చేతిపని తక్కినవారు చూచుటకు కేటాయించినచో, పరదేశపు సంఘము చేయు పని యంతయు ఆ వేపచెట్టు క్రిందనే జరుగును. తీపి పనిలో ఊరంతయు ఒక్కటైనచో ఏమగునో కోనసీమలోని ఆత్రేయపురము చూపినది. బోర్లించిన కుండను క్రింద మంటతో కాచి, పలుచని బియ్యపు పిండినీటిలో ముంచిన గుడ్డను దానిపై ఒక్కసారి లాగి, క్షణములో కాగితమువంటి రేకును ఒలుచు విద్య అచట ఇంటింటి స్త్రీలకు వచ్చును. ఆ యూరి పూతరేకులకు 2023వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. ఒక్క ఇంటిగుట్టుగా నుండినచో ఆ గుర్తింపు ఏ యూరి పేర వచ్చియుండును?

మన ప్రాంతమున ఈ పనికి కొన్ని చిక్కులు కలవు. వెన్న 32 మొదలు 35 డిగ్రీల వేడిమికే కరగును. ఇచట వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. ఇంగ్లీషు పుస్తకమున చెప్పినట్లు వెన్నతో పూవులు దించినచో మధ్యాహ్నమునకు అవి మడుగులగును. కావున ఎండాకాలమున గట్టిగా ఆఱెడి చక్కెర ముద్దయే శరణ్యము. వానకాలమున మఱల అదే ముద్ద తేమను పీల్చి మెత్తబడును. ఏ నెలలో ఏది నిలుచునో ఏ పరదేశపు పుస్తకము చెప్పదు. పదిమంది తమ వంటింటి అనుభవమును కలిపి చూచుకొన్ననే తెలియును.

రంగుల విషయమున ఏమాత్రము చనువు పనికిరాదు. బట్టలకు వేయు రంగు కంటికి ఎంత అందముగా నున్నను కడుపునకు విషము. ఆహార భద్రతను గూర్చిన 2006వ సంవత్సరపు చట్టము ప్రకారము అనుమతింపబడిన రంగులనే అనుమతించిన మేరకు వాడవలెను. ఇంట చేసి అమ్మువారును నమోదు చేయించుకొనవలెను.

ధర మఱియొక చిక్కు. మన దుకాణములలో కేకును కిలో లెక్కన అమ్ముట వాడుక. పిండి, చక్కెర, వెన్న తూకమునకు వచ్చును గాని, ముప్పది గులాబీలు చుట్టిన మూడు గంటలు త్రాసులోనికి రావు. ఒంటరిగా అమ్మునామె అడుగుటకు జంకి ఆ మూడు గంటలను ఉచితముగా నిచ్చివేయును. ప్రక్క వీధి యామెయు అంతే. ఇద్దఱును ఒక సమావేశమున కూర్చుండి గంటల లెక్క వ్రాసికొన్న నాడు ధర మాట తేలును. నా మట్టుకు నాకు, ఇట్టి సంఘములవలన కలుగు ప్రయోజనములలో గులాబీ చుట్టుట రెండవదిగానే తోచును.

అభ్యాసమునకు కేకు అక్కఱలేదు. పరదేశములలో నునుపైన బల్లపై గీసి, గీకి, ఆ ముద్దనే మరల వాడుదురు. మార్కాపురపు పలక దేశమెల్ల బడిపిల్లల చేతులలో తిరిగినది. నల్లనిది, నున్ననిది, నీరు పీల్చనిది. చట్రము లేని ఒక పలకను కడిగి ముందుంచుకొన్నచో తెల్లని గీతలో ఏ వంకర యున్నను దాగదు. ఒకామె వరుస శంఖములు దించును, తక్కినవారు చూచి తప్పు చెప్పుదురు, ఆమె చాకుతో గీకి ముద్దను గిన్నెలో వేసి తడిగుడ్డ కప్పి, పలకను ప్రక్కనున్న యామెకు అందించును.