కెమిస్ట్రీయా, కెమికల్ ఇంజనీరింగా? ఎలా తేల్చుకోవాలి?

సిద్దిపేటలో ఎంపీసీ చదివి, కెమిస్ట్రీ మీద ఇష్టం పెంచుకున్న పిల్లలకు ఇంటర్ ఫలితాలు రాగానే ఇదే చిక్కు. దోస్త్‌లో బీఎస్సీకి పెట్టుకోవాలా, ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో కెమికల్ పెట్టుకోవాలా? వెబ్ ఆప్షన్లు తెరవకముందే ఈ పనులు చేయండి.

ముందు రెండు చదువుల తేడా మన జిల్లాలోనే చూడండి. నంగునూరు మండలం నర్మెట్టలో 2023లో ఆయిల్‌పామ్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. కోసిన గెలలు 24 గంటల్లోపు మిల్లుకు చేరాలంటారు. ఎందుకంటే పండులోని ఎంజైమ్ నూనెను విడగొట్టి ఫ్యాటీ ఆమ్లాలను పెంచుతుంది, నాణ్యత పడిపోతుంది. ఆ చర్య ఎలా సాగుతుంది, ఆమ్లం ఎంత పెరిగిందో ఎలా కొలవాలి? ఇది కెమిస్ట్రీ. ఎంజైమ్ పనిచేయకుండా గెలలను ఆవిరిలో ఉడికించాలి. టన్నులకొద్దీ గెలలకు ఎంత ఆవిరి, ఎంత పీడనం, ఎంత పెద్ద పాత్ర? ఇది కెమికల్ ఇంజనీరింగ్. వీటిలో ఏ ప్రశ్న దగ్గర మీకు ఇంకా తెలుసుకోవాలనిపించిందో కాగితం మీద రాసుకోండి.

తర్వాత లెక్కల సంగతి. అర లీటరు ఫ్లాస్కులో చేసిన చర్యను అదే ఆకారంలోని 500 లీటర్ల రియాక్టర్‌లో చేస్తే ఘనపరిమాణం 1000 రెట్లవుతుంది, వేడి బయటికి పోయే ఉపరితలం 100 రెట్లే పెరుగుతుంది. వేడి లోపలే చిక్కుకుంటే ప్రమాదం. కెమికల్ ఇంజనీర్ చదువంతా ఇలాంటి లెక్కల చుట్టూ తిరుగుతుంది. టైట్రేషన్‌లో రంగు మారడం ఒక్కటే నచ్చి అటు వెళ్లకండి.

మూడోది కాలం, ఖర్చు. బీటెక్ నాలుగేళ్లు; దాంతోనే ప్లాంటులో ఉద్యోగానికి వెళ్లొచ్చు. బీఎస్సీతో క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో చేరొచ్చు గానీ, పరిశోధన వైపు పోవాలంటే ఎమ్మెస్సీ తప్పదు. దానికి సీపీగెట్, ఐఐటీల జామ్ ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. సిద్దిపేట ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చేరితే ఇంటి దగ్గరే ఉండి చదవొచ్చు. కెమికల్‌కు ఉస్మానియా టెక్నాలజీ కాలేజీ వంటి చోట్లకు వెళ్లాలి. హాస్టల్ ఖర్చు కూడా లెక్కేసుకోండి.

ఇప్పుడు ఒకటి ఎంచుకుంటే రెండోది శాశ్వతంగా పోదు. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కల్లం అంజిరెడ్డి గుంటూరు ఏసీ కాలేజీలో బీఎస్సీ చదివారు. ఆ తర్వాతే పుణె నేషనల్ కెమికల్ లేబొరేటరీలో కెమికల్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ చేశారు. మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసినవాళ్లకు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరే వీలుంది.

చివరిగా ఆప్షన్ల వరుస. కంప్యూటర్ సీటు రాలేదు కాబట్టి కెమికల్ అంటూ మాత్రం తీసుకోవద్దు. కాగితం మీద రాసుకున్న ప్రశ్న ఇంజనీరింగ్ వైపుంటే కెమికల్‌నే పైన పెట్టండి. కాకపోతే దోస్త్ గడువు దాటకముందే బీఎస్సీకి దరఖాస్తు పూర్తిచేయండి.