కుళాయి కింద చెంబు పెట్టి చూశాను



ఈసారి గోడపత్రికకి పర్యావరణం మీద రాయమని సైన్సు మాస్టారు చెప్పారు. చెట్లు నాటండి, నీళ్లు కాపాడండి అని ప్రతి ఏడాదీ రాస్తూనే ఉన్నాం. అందుకని ఈసారి నేను లెక్క కట్టి రాస్తున్నాను.

మనం కంచాలు కడిగే చోట చివరి కుళాయి ఉంది కదా, అది ఎంత బిగించినా ఆగదు. దారంలా సన్నగా కారుతుంది. మొన్న ఆదివారం దాని కింద లీటరు చెంబు పెట్టి గడియారం చూశాను. ఐదు నిమిషాలకి నిండింది! అంటే గంటకు 12 లీటర్లు, రోజుకు 288 లీటర్లు. బకెట్టుకి 16 లీటర్ల చొప్పున 18 బకెట్లు. పద్దెనిమిది మంది స్నానం చెయ్యొచ్చు. సెకనుకి ఒక్క చుక్క కారే కుళాయి అయినా, 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, రోజుకు 4 లీటర్ల పైనే పోతాయి.

మా ఊళ్లో కుళాయి లేదు. కొండ దిగువన ఊట ఉంది. అమ్మ బిందె మీద బిందె పెట్టుకుని ఎక్కి వస్తుంది. అందుకే మా ఇంట్లో ఒక్కసారి వాడిన నీళ్లు ఊరికే పారబొయ్యరు. బియ్యం కడిగిన నీళ్లు కుడితి కుండలోకి, గిన్నెలు కడిగినవి ఆనప పాదుకి. గిన్నెలు ముందు బూడిదతో తోమేసి, ఆఖర్న రెండు చెంబులతో కడుగుతుంది. బూడిదలో పొటాషియం కార్బొనేటు అనే క్షారం ఉంటుంది, జిడ్డు వదిలేది దానివల్లే. ఆ పేరు చెప్తే అమ్మ నవ్వింది.

ఇంటి దగ్గర నేనూ ఒక్క చెంబుతోనే కాళ్లు కడుక్కుంటాను. హాస్టలుకి రాగానే కుళాయి విప్పేసి, పళ్లు తోముకుంటూ కబుర్లు చెప్తాను. ఇక్కడ బిందె మొయ్యక్కర్లేదు కదా!

పోయిన మార్చిలో బోరులో నీళ్లు దిగిపోతే ఏమైందో గుర్తుందా? నాలుగు రోజులు గెడ్డ నుంచి మోశాం. మూడో తరగతి తమ్ముడొకడు బకెట్టుతో జారిపడి మోకాలు చీరుకున్నాడు. వాడు తెచ్చిన నీళ్లతోనే నేను కంచం కడుక్కున్నాను. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పళ్లు తోమేటప్పుడు మగ్గులో నీళ్లు పట్టుకోండి. కంచంలో మెతుకులు ముందే తుడిచేస్తే కడగడానికి సగం నీళ్లు చాలు. ఆ నీళ్లు అరటి మొక్కలకి పొయ్యండి. సర్ఫు నీళ్లు మాత్రం ఆకుకూర మడిలో వద్దు. కందిపప్పు గంట ముందు నానబెట్టి, మూత పెట్టి వండితే కట్టెలు కలిసొస్తాయి, కానీ అది మన వంట అక్కలకి నేను చెప్పాలా!

వార్డెన్ గారికి మనవి: ఆ కుళాయి లోపల వాషరు, అంటే రబ్బరు బిళ్ల, అరిగిపోయింది. దయచేసి మార్పించండి. అందాకా మేము కింద బిందె పెడుతున్నాం. ఎవరు చూస్తే వాళ్లు తీసి మొక్కలకి పోస్తున్నారు. రాత్రికి మాత్రం బిందె చాలదు, పది గంటల్లో 120 లీటర్లు పడతాయి. స్టోరురూములో ఖాళీ డ్రమ్ము ఒకటి ఉంది, అది కూడా ఇప్పించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి