బడికి కమిటీ ఎందుకు?



మీ బడిని నడిపేది ఎవరని అడిగితే మీలో చాలామంది "ప్రిన్సిపాల్ గారు" అంటారు. ఆరో తరగతిలో ఈ ప్రశ్న వేసినప్పుడల్లా మాకు దొరికే జవాబు అదే. ఒకసారి మాత్రం ఒక అబ్బాయి లేచి "గంట కొట్టే అంకుల్" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ అంకుల్ సెలవు పెట్టిన రోజున మూడో పీరియడు ఎంతసేపు సాగిందో గుర్తున్నవాళ్ళకి ఆ జవాబు పూర్తిగా తప్పనిపించదు.

వీళ్ళు కాక ఇంకొందరున్నారు. వాళ్ళు రోజూ బడికి రారు. జీతం తీసుకోరు. హాజరు పట్టీలో వాళ్ళ పేరుండదు. అయినా బడి డబ్బు ఎలా ఖర్చవుతోంది, పిల్లలు బడికి వస్తున్నారా, తాగే నీళ్ళు బాగున్నాయా అని అడిగే హక్కు వాళ్ళకుంది. వాళ్ళే బడి కమిటీ సభ్యులు. మీలో కొందరి అమ్మానాన్నలు కూడా అందులో ఉండవచ్చు.

మన దేశంలో 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్‌లో ఈ కమిటీ గురించి ఉంది. ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడులను మినహాయించి మిగతా బడులన్నిటిలో 'పాఠశాల యాజమాన్య కమిటీ' ఉండాలి. సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు. కమిటీలో 16 మంది ఉన్నారనుకోండి, 12 మంది తల్లిదండ్రులు, మొత్తం మీద 8 మంది ఆడవాళ్ళు ఉండాలన్నమాట. చట్టంతో పాటు కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో మీకు నచ్చే సంగతి ఒకటుంది. మిగిలిన పావు వంతులో కొన్ని స్థానాలకు ఊళ్ళోని విద్యావేత్తలనైనా, బడి పిల్లలనైనా తీసుకోవచ్చు.

తెలుగు నేలకు ఇది కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లోనే బడుల నిర్వహణలో ప్రజల భాగస్వామ్యం కోసం ఒక చట్టం చేసి విద్యా కమిటీలు పెట్టారు. మీ తాతగారి ఊళ్ళో ఎవరినైనా "విద్యా కమిటీ చైర్మన్ ఎవరు?" అని అడిగి చూడండి, ఆ మాట వాళ్ళకి తెలిసే ఉంటుంది.

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. సమగ్ర శిక్ష పథకం కింద, 31 నుంచి 100 మంది పిల్లలున్న ప్రభుత్వ బడికి ఏడాదికి ఇచ్చే గ్రాంటు 25,000 రూపాయలు. 365తో భాగిస్తే రోజుకు 70 రూపాయలు కూడా రాదు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, విరిగిన కిటికీ రెక్క, చిన్న చిన్న మరమ్మతులు, అన్నీ అందులోంచే. కనీసం పదో వంతు, అంటే 2,500 రూపాయలు, పరిశుభ్రతకు ఖర్చు చేయాలి. డబ్బు ఇంత తక్కువగా ఉన్నప్పుడు ముందు దేనికి ఖర్చు పెట్టాలన్నదే పెద్ద ప్రశ్న. కమిటీ ఉన్నది ముఖ్యంగా అందుకే.

ఇక్కడ మా తప్పొకటి చెప్పుకోవాలి. ఈ ఉద్యోగంలోకి రాకముందు మేము కొన్నాళ్ళు ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాలలో పనిచేశాం. అక్కడ కమిటీ సమావేశం కాగితం మీదే జరిగేది. తీర్మానం రాసేసి, సంతకాల కోసం మినిట్స్ పుస్తకాన్ని సభ్యుల ఇళ్ళకి పట్టుకెళ్ళేవాళ్ళం. ఒక సాయంత్రం, నాట్లేసి అప్పుడే ఇంటికొచ్చిన ఒకావిడ, కాళ్ళకి బురద కూడా కడుక్కోకుండానే, వేలిముద్ర వేస్తూ అడిగింది, "ఇందులో ఏం రాశారు మేష్టారూ?"

"ఏం లేదమ్మా, ఎప్పుడూ ఉండేదే" అన్నాం. బస్సుకి టైమైపోతోందని మా తొందర.

ఆ పుస్తకంలో ఉన్నది బడి ముందుగోడకి రంగులు వేయించాలన్న తీర్మానం. అధికారులు తనిఖీకి వస్తున్నారు మరి. తర్వాత నెల రోజులకి గానీ మాకు ఒక సంగతి తెలియలేదు. ఆవిడ కూతురు మధ్యాహ్నం భోజనమయ్యాక ఇంటికి వెళ్ళిపోయేది, తిరిగి వచ్చేది కాదు. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకి గడియ ఊడిపోయింది. గడియ ఖరీదు ఎంతుంటుంది? ఆ రోజు పుస్తకం చదివి వినిపించి ఉంటే ఆవిడే చెప్పేది, "రంగులు తర్వాత, ముందు గడియ పెట్టించండి" అని. హాజరు పట్టీలో ఆ అమ్మాయికి మధ్యాహ్నం పూట గైర్హాజరు వేసింది మేమే. ఎందుకని అడగలేదు.

కమిటీలో తల్లులు ఉండాలని చట్టం ఎందుకు చెప్పిందో మాకు చట్టం చదివినప్పటి కంటే ఆ గడియ దగ్గరే బాగా అర్థమైంది.

కమిటీ అంటే బడి మీద పెత్తనం అనుకునేవాళ్ళూ ఉన్నారు. ఈ విషయంలో ఇంగ్లండు ప్రాథమిక పాఠశాలల పద్ధతి తెలుసుకోదగ్గది. అక్కడ కమిటీ సభ్యులను గవర్నర్లు అంటారు. మన రాష్ట్రాలకు ఉండే గవర్నరు కాదు లెండి! స్థానిక కౌన్సిలు బడి అయితే కమిటీలో కనీసం ఏడుగురుంటారు. వారిలో కనీసం ఇద్దరు తల్లిదండ్రుల ప్రతినిధులు. ప్రధానోపాధ్యాయులు, సిబ్బంది నుంచి ఒకరు, కౌన్సిలు తరఫున ఒకరు కూడా ఉంటారు. బడిలో పిల్లలు లేని బ్యాంకు ఉద్యోగి, రిటైరైన నర్సు లాంటివాళ్ళు కూడా ఇష్టపడి చేరవచ్చు. పదవీకాలం మామూలుగా నాలుగేళ్ళు. జీతం లేదు. బడి ఎటు వెళ్ళాలో నిర్ణయించడం, పిల్లల చదువు ఎలా ఉందో ప్రధానోపాధ్యాయుణ్ణి అడగడం, డబ్బు సరిగ్గా ఖర్చవుతోందో లేదో చూడడం వాళ్ళ పని. ఏ రోజు ఏ టీచరు ఏ పాఠం చెప్పాలన్నది ప్రధానోపాధ్యాయుల పని, గవర్నర్లది కాదు. వాళ్ళు తరగతికి వచ్చి చూడవచ్చు గానీ, టీచరు పాఠానికి మార్కులు వేయరు.

రెండింటిలో ఏది మేలంటే, తల్లిదండ్రులకు మూడు వంతుల స్థానాలిచ్చిన మన చట్టం వైపే మేము ఉంటాం. అడగడం వేరు, అజమాయిషీ వేరు అన్న ఆ తేడా మాత్రం వాళ్ళ దగ్గర నేర్చుకోవచ్చు.

మన విద్యాలయాల్లో వి.ఎం.సి. ఉంటుందని మీకు తెలుసు. కలెక్టరు గారో, కంటోన్మెంటులో అయితే సైనికాధికారో అధ్యక్షులుగా ఉంటారు. ప్రిన్సిపాల్ గారు కార్యదర్శి. తల్లిదండ్రుల ప్రతినిధులూ ఉంటారు. అయితే ఆ పేరు అడిగితే మన దగ్గర చాలామంది తల్లిదండ్రులు చెప్పే మాట ఒకటే: "మాకెందుకండీ, ఏడాదిలో బదిలీ అయిపోతుంది."

ఉత్తరాదిలో మేము పనిచేసిన ఒక బడిలో ఏం జరిగిందో చెబుతాం. రైల్వేలో పనిచేసే ఒక తండ్రి కమిటీ సమావేశంలో తాగునీటి ట్యాంకు సంగతి ఎత్తారు. మూడు నెలలకోసారి కడిగించాలనీ, కడిగిన తేదీ ట్యాంకు మీదే రాయాలనీ తీర్మానమైంది. ఆ తర్వాత ఆయనకి బదిలీ అయింది. ట్యాంకు సంగతి అందరమూ మర్చిపోయాం. తేదీ రాయాల్సిన చోట నాచు పట్టింది.

ఆయన స్థానంలో వచ్చిన తల్లి ఆ ఊరికి వచ్చి నలభై రోజులే. సామాన్ల పెట్టెలు ఇంకా సగం విప్పలేదట. సమావేశానికి ముందు పాత మినిట్స్ పుస్తకం ఇమ్మని అడిగి తీసుకున్నారు. సమావేశంలో ఆవిడ వేసిన మొదటి ప్రశ్న, "సార్, ఈ ట్యాంకు ఎప్పుడు కడిగారు?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ శనివారమే ట్యాంకు కడిగించారు. అడుగున చచ్చిన బల్లి దొరికింది. ఆ తండ్రి, ఈ తల్లి ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. ఆయన అడిగిన మాట పుస్తకంలో ఉంది కాబట్టి ఆవిడ దాన్ని అందుకోగలిగారు.

నిజానికి బదిలీ ఉద్యోగులే కాదు, ఏ తల్లిదండ్రులూ కమిటీలో ఎల్లకాలం ఉండరు. పిల్లలు బడి దాటితే వాళ్ళూ దాటిపోతారు. నమూనా నియమాల ప్రకారం రెండేళ్ళకోసారి కమిటీని మళ్ళీ ఏర్పాటు చేయాలి. నెలకోసారైనా సమావేశం కావాలి. నిర్ణయాలు రాసి అందరికీ అందుబాటులో ఉంచాలి. వచ్చిపోయేవాళ్ళ కోసమే ఈ ఏర్పాటంతా.

ఈ పాఠానికి అభ్యాసం ఒకటే. ఈ వారం మీ బడి నోటీసు బోర్డులో కమిటీ సభ్యుల పేర్లున్నాయేమో చూడండి. లేకపోతే మీ క్లాస్ టీచరుని అడగండి. ఇంట్లో అమ్మనో నాన్ననో "మీరెందుకు చేరలేదు?" అని అడిగి, వాళ్ళు చెప్పిన కారణాన్ని నాలుగు వాక్యాల్లో, తెలుగులో రాసుకురండి. అలాగే బడి నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళి, కడిగిన తేదీ ఉంటే దాన్నీ నోట్‌బుక్‌లో రాయండి.