అడ్జస్ట్

మా బెంగళూరులో అందరి నోటా వినబడే ఇంగ్లీషు క్రియ ఏదని అడిగితే నేను ‘అడ్జస్ట్’ అంటాను. బస్సులో ఇద్దరు కూర్చున్న సీటు దగ్గరికి మూడో ఆమె వచ్చి “స్వల్ప అడ్జస్ట్ మాడి” అంటుంది. మనం జరుగుతాం. ఇంటికొస్తే అదే మాట తెలుగులో: “కొంచెం అడ్జస్ట్ చేసుకోవే!”

ఇంగ్లీషులో దీనికి సాధారణంగా కర్మ ఉంటుంది. కళ్లద్దాలనో, కుర్చీ ఎత్తునో అడ్జస్ట్ చేస్తారు. లేదా దేనికి అలవాటు పడాలో, చీకటికో చలికో, పక్కన చెబుతారు. మన వాడుకలో ఆ రెండూ రాలిపోయాయి. దేన్ని మార్చాలో, దేనికి మారాలో ఎవరూ చెప్పరు. ఎవరు మారాలో మాత్రం అందరికీ తెలుసు.

ఇది ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. దాని వెనక లాటిన్ ‘యుక్స్తా’ ఉంది. పక్కన, దగ్గర అని అర్థం. అంటే పక్కకు చేర్చడం. చూశారా, మన బస్సు సీటే అసలు అర్థానికి దగ్గర! తర్వాత జనం దీన్ని న్యాయం, సరి అనే అర్థాలున్న ‘యుస్తుస్’తో కలిపి చూశారు. ‘సరిచేయడం’ అలా బలపడింది. ఇక యుక్స్తా, మన సంస్కృత ‘యుజ్’ ధాతువు ఒకే కుదురువి. యుజ్ నుంచే యోగం, యుగం. యుగమంటే కాడి అని కూడా అర్థం. కాడికి రెండెద్దులు కావాలి.

తెలుగులో మనకు ‘సర్దు’ ఉంది. పెట్టె సర్దుతాం, గొడవ సర్దుతాం, నెలాఖరుకి వంద రూపాయలు సర్దమంటాం. చివర ‘కొను’ చేరితే ఆ పని ఫలం చేసినవాళ్లదే అవుతుందని వ్యాకరణం క్లాసులో చెప్పారు. వండుకో, చదువుకో అన్నట్టు. మరి ‘సర్దుకుపో’లో ఫలం ఎవరిది? ఈ అనుమానం ఇంకా తీరలేదు నాకు.

మా అక్క బి.కాం. చివరి ఏడాది. ముగింపు లెక్కల్లో ఏ సర్దుబాటైనా రెండు చోట్ల చూపాలట. ఒక్క చోటే రాస్తే ఆస్తి అప్పుల పట్టీ కుదరదు. మొన్న దానికో సంబంధం వచ్చింది. చదువు ఆపాలన్నారు వాళ్లు. “అడ్జస్ట్ అయిపోవే” అంది అమ్మ.

“సరేనమ్మా, రెండో చోట ఎక్కడ రాస్తారు?” అంది అక్క.

అమ్మ ఏమీ అనలేదు. వాళ్లకి ఫోను మాత్రం ఇంకా చేయలేదు.