‘ఫ్రీ’ శబ్దము – అర్థవిచారము

ఒక శబ్దమునకు పెక్కు అర్థములుండుట అన్ని భాషలకును సామాన్యధర్మము. సైంధవమనగా ఉప్పు, గుఱ్ఱము అని రెండర్థములు. భోజనవేళ అడిగినచో ఉప్పును, ప్రయాణవేళ అడిగినచో గుఱ్ఱమును తేవలెనని పాఠశాలలోని బాలుడును ఎఱుగును. ఆంగ్లమున ‘ఫ్రీ’ శబ్దము ఇట్టిదే. నేటి తెలుగువారి వ్యవహారమున ఈ మాట వినబడని దినము లేదు. దీనిని తెలుగు చేయబూనినపుడు మాత్రము ‘ఉచితము’ అను పదమొక్కటియే తఱచుగా ముందునకు వచ్చుచున్నది. అందువలన మూలార్థము చెడుటయే కాక, ‘ఉచిత’మను సంస్కృతశబ్దమునకు విద్యార్థులు వేఱర్థము చెప్పుకొనుటయు సంభవించుచున్నది. కావున రెండు శబ్దములును విచారణీయములు.

వ్యుత్పత్తి

గోతిక్ భాషలో ‘ఫ్రీస్’ అనగా స్వతంత్రుడు, ‘ఫ్రియోన్’ అనగా ప్రేమించుట, ‘ఫ్రియోండ్స్’ అనగా స్నేహితుడు. ఆంగ్లమునందలి ‘ఫ్రీ’, ‘ఫ్రెండ్’ శబ్దములును ఈ కుదురులోనివే. వీనిని సంస్కృతమందలి ‘ప్రియ’ శబ్దమునకు సజాతీయములని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. సంస్కృత పకారమునకు జర్మానిక్ భాషలలో ఫకారము సరివచ్చుట యాకోబ్ గ్రిమ్ 1822లో వివరించిన ధ్వనినియమము. పితృ–ఫాదర్, పాద–ఫుట్, పూర్ణ–ఫుల్ అనునవి దీనికి ఉదాహరణములు. సంస్కృతమున ప్రీఞ్ ధాతువునకు అష్టాధ్యాయి 3-1-135వ సూత్రముచే కప్రత్యయము రాగా ప్రియశబ్దము సిద్ధించును.

ప్రియుడను అర్థమునుండి స్వతంత్రుడను అర్థము ఎట్లు వచ్చెను? ప్రాచీన కుటుంబమున యజమానికి స్వజనులు ప్రియులు. దాసులు ఆ గణమున చేరరు. కావున ‘ప్రియులు’ అనగా దాసులు కానివారని రూఢి ఏర్పడెనని పండితుల సమాధానము. లాటిన్ భాషలో ‘లీబెర్’ అనగా స్వతంత్రుడు కాగా, ‘లీబెరీ’ అను బహువచనమునకు సంతానమనియు అర్థముండుట దీనికి ఉపోద్బలకము. సంస్కృతమున మాత్రము ప్రియశబ్దము తన తొలి అర్థమును విడువలేదు.

అర్థభేదములు

ఏదో యొక బంధము లేకుండుట ఈ శబ్దమునకు నేటి సామాన్యార్థము. ఆ లేనిది ఏదియను దానినిబట్టి విశేషార్థములు ఐదు తేలుచున్నవి. 1. పరాధీనత లేకుండుట: స్వతంత్రము. 2. నిరోధము లేకుండుట: “ఫ్రీగా మాట్లాడండి” అన్నచో నిస్సంకోచముగా అని. 3. పని లేకుండుట: “సాయంత్రం ఫ్రీయేనా?” అన్నచో తీఱిక. 4. వెల లేకుండుట: “ఒకటి కొంటే ఒకటి ఫ్రీ”. 5. సమాసమున ఉత్తరపదమైనపుడు రహితార్థము: “షుగర్ ఫ్రీ”. “సబ్బు ఫ్రీ” అన్నచో సబ్బు వెల లేక వచ్చును. “షుగర్ ఫ్రీ” అన్నచో పంచదార వెల లేక రాదు, అసలు ఉండదు. మొదటిది వాక్యము, రెండవది శర్కరారహితమువలె తృతీయాతత్పురుషము.

అర్థనియామకములు

అనేకార్థక శబ్దమునకు అర్థమును నిర్ణయించు సంయోగము, విప్రయోగము, ప్రకరణము, శబ్దాంతరసన్నిధి, ఔచితి మొదలగువానిని భర్తృహరి వాక్యపదీయమున పరిగణించెను. ఇవి పరభాషాశబ్దమునకును వర్తించును. భారత రాజ్యాంగమే ఇందుకు నిదర్శనము. 2002 నాటి 86వ సవరణచే చేరిన 21-ఎ అధికరణము 6 మొదలు 14 ఏండ్ల వయస్సుగల బాలలకు ‘ఫ్రీ’ విద్యను విధించినది. ఇచట విద్యాశబ్దసన్నిధిచే వెల లేనిదను అర్థము. 2009 నాటి విద్యాహక్కు చట్టము దీనిని ఇంకను స్పష్టపఱచి, రుసుమును గాని, ప్రాథమికవిద్య పూర్తిచేయుటకు అడ్డువచ్చు వ్యయమును గాని బాలుడు చెల్లింపనక్కఱలేదని చెప్పినది. 301వ అధికరణమున దేశమంతటను వర్తకవాణిజ్యములు ‘ఫ్రీ’గా ఉండవలెనని కలదు. ఇచట ప్రకరణముచే నిరోధరహితమని అర్థము. ఈ చోట ‘ఉచితము’ అని అనువదించినచో వర్తకులు సరకులను వెల లేకయే ఈయవలసి వచ్చును! అట్లే 1985లో రిచర్డ్ స్టాల్‌మన్ నెలకొల్పిన సంస్థ పేరులోని ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’ అనుదానికి వాడుకొనువారి స్వేచ్ఛయే ప్రధానము, వెల లేకుండుట కాదు.

ఉచితశబ్దము

సమవాయార్థకమగు ఉచ ధాతువునుండి ‘ఉచిత’ శబ్దము ఏర్పడినది. తగినది, అలవాటైనది అని దీనికి సంస్కృతమున అర్థములు. హిందీలోను తగినదనియే వాడుక. వెల లేనిదను అర్థము తెలుగు, కన్నడములలో ప్రసిద్ధము. తెలుగున యథోచితము, సముచితము, ఉచితానుచితములు అనుచోట్ల పాత అర్థమే నిలిచినది. “ఉచితసలహా” అన్నచో తగిన సలహాయో, అడుగకయే ఇచ్చిన సలహాయో ప్రకరణమే చెప్పవలెను. తెలుగునుండి సంస్కృతమునకు అనువదించు విద్యార్థి “ఉచితవిద్యా” అని వ్రాసినచో తగిన విద్యయని అర్థమగును. “నిఃశుల్కవిద్యా” అని వ్రాయవలెను. ఆలంకారికుల ఔచిత్యమునకు వెల లేకుండుటతో సంబంధము లేదని బోధనకాలమున చెప్పి తీరవలెను.

అచ్చతెలుగున ‘ఊరక’ అను మాట కలదు. “ఊరికే ఇచ్చాడు” అన్నచో వెల లేక. “ఊరికే కూర్చున్నాడు” అన్నచో పని లేక. ‘ఫ్రీ’ శబ్దమునకుగల రెండర్థములను ఈ ఒక్క మాటయే మోయుచున్నది. స్వతంత్రార్థము మాత్రము దీనికి లేదు.

కావున అనువాదకుడు మొదట లేనిదేదియో నిశ్చయించుకొనవలెను. పరాధీనత లేనిచో స్వతంత్రము, నిరోధము లేనిచో స్వేచ్ఛ, పని లేనిచో తీఱిక, వెల లేనిచో ఉచితము లేక నిఃశుల్కము, వస్తువే లేనిచో రహితము అని వ్రాయుట యుక్తము. ఇట్లు చేసినచో ఆంగ్లపదమునకు అర్థము చెడదు, ఉచితశబ్దమునకు ఔచిత్యము చెడదు.