ఎదుగుదల లోపాలున్న పిల్లలకు ఇతర వైద్యాలు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: ఆటిజం ఉన్న నాలుగేళ్ల బాబుకు మాటలు రావడం లేదు. స్పీచ్ థెరపీ సాగుతుండగానే వస అరగదీసి నాకించమని, భస్మాలు వాడమని పెద్దలు చెబుతున్నారు. వాడవచ్చా?

జవాబు: సాగుతున్న చికిత్సకు తోడుగా వాడేదాన్ని అనుబంధ చికిత్స అనీ, దాన్ని మాన్పించి ఆ స్థానంలో వాడేదాన్ని ప్రత్యామ్నాయ చికిత్స అనీ అంటారు. రెండోదానిలో విలువైన కాలం వృథా అయ్యే ప్రమాదం ఎక్కువైనా, మొదటిది కూడా ప్రతిసారీ నిరపాయం కాదు. వసలోని బీటా-అసరోన్ అనే రసాయనంపై అనుమానాలున్నందువల్ల అమెరికా 1968లోనే వసను ఆహారపదార్థాల్లో నిషేధించింది. బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించి 2004లో ప్రకటించిన ఫలితాల్లో 14 ఉత్పత్తుల్లో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ బయటపడ్డాయి. సీసం ఎదిగే మెదడునే దెబ్బతీసే విషం. మాట ఆలస్యమైన బిడ్డకు ముందుగా చేయించవలసింది వినికిడి పరీక్ష.

ప్రశ్న: గోధుమ, పాలు మాన్పించాక బంధువుల పాపలో మార్పు వచ్చిందట. అది రుజువు కాదా?

జవాబు: పిల్లల ఎదుగుదల కొన్నాళ్లు మందగించి, మళ్లీ పుంజుకుంటుంది కనుక, ఆ సమయంలో ఏది వాడుతుంటే ఘనత దానికే దక్కుతుంది. సెక్రెటిన్ అనే జీర్ణ హార్మోన్ ఆటిజాన్ని తగ్గిస్తుందన్న ప్రచారం జరిగినప్పుడు, 1999లో వెలువడిన ఒక పరిశోధనలో 60 మంది పిల్లల్లో కొందరికి ఆ మందు, మిగిలినవారికి మందు లేని ఉప్పునీరు ఎక్కించి చూడగా, రెండు జట్లలోనూ మెరుగుదల ఒకే తీరుగా కనిపించింది. అయినా 69 శాతం తల్లిదండ్రులు ఆ మందుపై ఆసక్తి వదులుకోలేదు. గోధుమలోని గ్లూటెన్, పాలలోని కేసీన్ మాన్పించే ఆహారానికి కూడా బలమైన ఆధారం లేదు. సీలియాక్ వ్యాధి, పాల ఎలర్జీ వంటివి తేలితే తప్ప వీటిని మాన్పించకూడదు; పాలు మాన్పిస్తే క్యాల్షియం కొరత ఏర్పడవచ్చు.

ప్రశ్న: మూలకణ చికిత్సకు అప్పు చేసైనా వెళ్లడం మంచిదేనా?

జవాబు: కాదు. ఆటిజానికి మూలకణ చికిత్సను సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. రక్తంలోని లోహాలను మందులతో తొలగించే కీలేషన్ మరీ ప్రమాదకరం. 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల బాలుడు ఆ చికిత్సలో క్యాల్షియం పడిపోయి మరణించాడు.

ప్రశ్న: ఇతర మందుల సంగతి డాక్టరుకు చెప్పకపోతే నష్టమా?

జవాబు: నష్టమే. మూలికలు మూర్ఛ మందుల ప్రభావాన్ని మార్చవచ్చు, మూర్ఛ మందులు హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం కలగవచ్చు. అలాగని ఇలాంటివన్నీ నిష్ప్రయోజనం కావు. ఆటిజం పిల్లల నిద్రలేమికి మెలటోనిన్ ఉపకరిస్తుందని పరీక్షల్లో తేలింది, అయితే మోతాదు వైద్యుడే నిర్ణయించాలి. ఏ కొత్త పద్ధతినైనా ఒక్కొక్కటిగా, ఏ లక్షణం ఎన్ని వారాల్లో మారాలో ముందే రాసుకుని మొదలుపెట్టి, మార్పు లేకపోతే ఆపేయాలి. స్పీచ్, ఆక్యుపేషనల్ థెరపీల కోసం జిల్లా ప్రభుత్వాసుపత్రుల్లోని సత్వర చికిత్సా కేంద్రాలను, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధోవైకల్యం ఉన్నవారి కోసం నడిచే జాతీయ సంస్థను సంప్రదించవచ్చు.