కంటికి కనబడని ధనము

విశాఖపట్టణమునందు డాల్ఫిన్ నోస్ అను కొండ సముద్రములోనికి చొచ్చుకొనివచ్చి ఓడరేవును అలల తాకిడినుండి కాపాడుచున్నది. 1933లో ప్రారంభమైన ఆ రేవున దిగు సరకు కంటికి కనబడును; కావలివారు దానికి కాపు కాయుదురు. మరి కంటికి కనబడని ధనమును కాపాడుట యెట్లు?

అట్టి ధనమే క్రిప్టో కరెన్సీ. దానిలో మొదటిదిగా పేరొందిన బిట్‌కాయిన్ 2009లో పుట్టినది. దానిని ఏ ప్రభుత్వమును ముద్రింపదు. ఎవరి నాణెములు ఎవరికి చేరినవో తెలుపు లెక్కల పుస్తకము వేలకొలది కంప్యూటర్లలో ఒక్క రీతిగా వ్రాయబడియుండును. దానిని బ్లాక్‌చైన్ అందురు. ఆ లెక్కను దిద్దుట మిక్కిలి కష్టము. కావున దొంగ పుస్తకము జోలికి పోక, యజమాని తాళపుచెవికై పొంచియుండును.

ఆ తాళపుచెవి ఇనుముతో చేసినది కాదు. అది యొక పెద్ద సంఖ్య. అది పోయినచో మరల పొందుటకై 12 గాని 24 గాని పదములను వరుసగా యజమానికి ఇత్తురు. ఆ వరుస తెలిసిన ప్రతివాడును ఆ ధనమును తీసికొనగలడు. పోయిన నాణెమును వెనుకకు రప్పించు బ్యాంకు అధికారి అచట లేడు.

2024 జూలై 18న మన దేశమునందలి వజీర్‌ఎక్స్ అను సంస్థనుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల నాణెములు అపహరింపబడినవి. ఆ ఖజానా తెరచుటకు పలువురి సంతకములు కావలసియుండెను. అయినను, తెరపై కనబడినదొకటి, సంతకము పడినది మరియొకటి అని సంస్థ తెలిపినది. ఖాతాదారులు నెలల తరబడి తమ నాణెములను తీసికొనలేకపోయిరి. పరుల పెట్టెలో ఉంచిన సొమ్మునకు పరుల జాగ్రత్తయే రక్ష.

అందువలన వివేకులు తాళపుచెవిని ఇంటర్‌నెట్‌తో సంబంధము లేని చిన్న పరికరమున దాచుకొందురు. రహస్యపదములను ఫోనులో ఫోటో తీయరు. కాగితముపై వ్రాసి రెండు వేరు చోట్ల భద్రపరతురు. కాని కాగితము నిప్పుకు కాలును, నీటికి నానును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినపుడు గాలివాన యెంత పని చేయునో ఆ నగరవాసులు కన్నులార చూచిరి. కావున కొందరు ఆ పదములను తుప్పుపట్టని ఉక్కురేకుపై స్వయముగా చెక్కుకొందురు. పరునిచే చెక్కించిన రహస్యము రహస్యము కాదు గదా!

అయినను ఉక్కు చాలదు. తాము కంపెనీవారమని చెప్పి, ఆపద వచ్చినదని తొందరపెట్టి, ఫోనులో ఆ పదములను అడుగు మోసగాండ్రు కలరు. నిజమైన సంస్థ యేదియు వానిని అడుగదు. మోసపోయినవారు సిగ్గుపడక వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము దొరకుట కష్టము.

ఉక్కురేకు అగ్నికి ఓర్చును, నీటికి ఓర్చును. యజమాని నోరు జారినచో మాత్రము అది యేమియు చేయజాలదు.